బైకు రిపేరుకు ఇంట్లో ఏ పానాలు ఉండాలి: డబ్బా కిట్టా, విడి పానాలా?

నేను కొన్న మొదటి టూల్ కిట్‌లో నలభై ఆరు వస్తువులున్నాయి. నా స్ప్లెండర్ ఇంజన్ ఆయిల్ తీయడానికి కావలసిన ఒక్క వస్తువు తప్ప.

ఆ రోజు ఆదివారం. బండిని ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆయిల్ వేడెక్కించాను. కింద తట్ట పెట్టి, కొత్త ఆయిల్ డబ్బా పక్కన పెట్టుకుని కిట్ తెరిచాను. అందులో బోల్టు తల మీద గిన్నెలా కూర్చునే సాకెట్లు 4 ఎం.ఎం. నుంచి 14 దాకా వరుసగా మెరుస్తున్నాయి. ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు తల 17. ఊరుకోకుండా నీళ్ల మోటారు కోసం ఇంట్లో ఉంచిన అడ్జస్టబుల్ పానా తెచ్చి తిప్పాను. రెండుసార్లు జారింది, మూడోసారికి బోల్టు తల మూలలు గుండ్రమైపోయాయి. బండిని నెట్టుకుంటూ వీధి చివరి మెకానిక్ దగ్గరికి పోతే ఆయన చూసి, "అన్నా, ఇది చేయక ముందే వచ్చింటే ఐదు నిమిషాల పని" అన్నాడు. బోల్టు తీయడానికి అరగంట పట్టింది. బోల్టు కొత్తది వేయాల్సి వచ్చింది.

కిట్‌లోని 4, 4.5, 5, 5.5 సాకెట్లను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అందుకే ఎవరైనా "కిట్ కొనాలి, ఏది మంచిది?" అని అడిగితే నేను ముందు వాళ్ల బండి ఏదని అడుగుతాను. వస్తువులు ఎన్ని వస్తాయన్నది అంగడివాడి లెక్క, మీ బండికి ఉన్న బోల్టులు మీ లెక్క.

కొనే ముందు బండి చుట్టూ ఒకసారి

ఒక కాగితం తీసుకుని బండి పక్కన కూర్చోండి. మీరే చేసుకోవాలనుకుంటున్న పనులు రాయండి: ఆయిల్ మార్చడం, చైన్ బిగించడం, స్పార్క్ ప్లగ్ చూడడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, బ్రేకు సర్దడం, బ్యాటరీ తీయడం. చాలామందికి ఈ ఆరు చాలు. తర్వాత ఒక్కో పనికి ఏ నట్టు విప్పాలో, అది ఏ సైజో పక్కన రాయండి. సైజు తెలియకపోతే సీటు కిందో, సైడ్ ప్యానెల్ లోపలో కంపెనీ ఇచ్చిన చిన్న కిట్ ఉంటుంది, దాని పానాలు పెట్టి చూడండి. లేదా ఈసారి సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు మెకానిక్ చేతిలో ఏ పానా ఉందో చూసి రాసుకోండి. అడిగితే సంతోషంగా చెబుతారు.

ఇక్కడ ఒక చిన్న విషయం తెలిస్తే డబ్బు మిగులుతుంది. జపాన్ కంపెనీల వారసత్వం ఉన్న బళ్లలో, అంటే హోండా, యమహా, పాత హీరో హోండా తరహా బళ్లలో 8, 10, 12, 14, 17 సైజులు ఎక్కువ కనిపిస్తాయి. జర్మన్ పద్ధతి బోల్టులు వాడిన చోట 13 వస్తుంది. కారణం ఏమిటంటే 8 ఎం.ఎం. మర (నట్టులోకి తిరిగే గాళ్ల భాగం) ఉన్న బోల్టుకే జపాన్ పద్ధతిలో తల 12, జర్మన్ పద్ధతిలో 13. పది ఎం.ఎం. మర ఉన్న బోల్టుకు జపాన్ పద్ధతిలో 14, జర్మన్ పద్ధతిలో 17. ఒకే బండిలో రెండూ కలిసి ఉండొచ్చు, ముఖ్యంగా లెగ్ గార్డు, క్యారియర్ లాంటివి బయట బిగించినప్పుడు. 12 బోల్టును 13 పానాతో "కొంచెం వదులుగా ఉంది, పర్లేదు" అని తిప్పితే నా డ్రెయిన్ బోల్టు కథే అక్కడా జరుగుతుంది.

నాలుగు దారులు

మొదటిది, కంపెనీ ఇచ్చిన కిట్‌తోనే సర్దుకోవడం. ఖర్చు సున్నా. వాటిలో చాలా పానాలు రేకును కత్తిరించి చేసినట్టు పల్చగా ఉంటాయి. దారిలో అద్దం వదులైతే బిగించడానికి సరిపోతాయి, ఆయిల్ బోల్టు మీదికి వాటిని తీసుకెళ్లొద్దు. అందులో ఒక్క ప్లగ్ పానా మాత్రం పారేయకండి. ఆ బండి ప్లగ్ కోసమే, ఆ సందులో పట్టేలా చేసింది కాబట్టి బయట కొన్న దానికంటే అదే బాగా కూర్చుంటుంది.

రెండోది, నేను కొన్న నలభై ఆరు ముక్కల డబ్బా. ఐదారు వందల్లో దొరుకుతుంది. ఇది పూర్తిగా పనికిరాదని అనను. 8, 10, 12 సాకెట్లు, అలెన్ బిట్లు, చిన్న ఎక్స్‌టెన్షన్ రాడ్డు సైడ్ ప్యానెల్, సీటు, ఎయిర్ ఫిల్టర్ కవర్ పనులకు బాగా ఉపయోగపడతాయి. సాకెట్ తగిలించి టిక్ టిక్‌మని తిప్పే దాని పిడి, అంటే రాట్చెట్, పావు అంగుళం చదరపు మొనది. చిన్న బోల్టులకు చేసింది. దానికి పైపు తగిలించి చక్రం నట్టు విప్పబోతే లోపల పళ్లు విరుగుతాయి. పక్కింటి కుర్రాడు విరగ్గొట్టి నాకు చూపించాడు కూడా.

మూడోది, డ్రిల్ మెషిన్, సుత్తి, టేపు, మేకులు అన్నీ కలిపి పెద్ద పెట్టెలో వచ్చే ఇంటి కిట్. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు బాగుంటుంది. బైకు కోసమైతే వద్దు.

నాలుగోది విడిగా, సైజు చూసుకుని కొనడం. ఊర్లోని హార్డ్‌వేర్ అంగడికి పోయి, కాగితం చూపించి, ఒక్కొక్కటిగా తీసుకోవడం. మొదటి రోజు డబ్బా నిండదు, చూడ్డానికి కిట్‌లా ఉండదు, బహుమతిగా ఇవ్వడానికి పనికిరాదు. నా ఓటు దీనికే. కంపెనీ ప్లగ్ పానా ఉంచుకుని, మిగతావి విడిగా కొని, డబ్బు మిగిలితే అప్పుడు రెండో రకం డబ్బా తీసుకోండి.

పాత ఇనుప సామాన్ల అంగళ్లలో కూడా ఒక్కోసారి మంచి పానాలు దొరుకుతాయి. పాత కాలపు బరువైన రింగ్ పానా లోపలి మూలలు పదునుగా ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఫిక్స్ పానా నోరు విచ్చుకుని ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

రింగా, ఫిక్సా, టి పానానా, సాకెట్టా

డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే.

నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానా బోల్టు తలను రెండు వైపులే పట్టుకుంటుంది. రింగ్ పానా ఆరు మూలల్నీ పట్టుకుంటుంది. గట్టిగా బిగుసుకున్న బోల్టు దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. రెంటిలో ఒకటే కొనే డబ్బు ఉంటే రింగే కొనండి. అంగట్లో చాలామంది ఫిక్స్ పానాల సెట్టే ముందు పెడతారు, అది చవక. ఎనిమిది పానాల సెట్‌లో 6×7 (ఒక చివర 6, ఇంకో చివర 7) నుంచి 20×22 దాకా వస్తాయి, చూడ్డానికి నిండుగా ఉంటుంది. కానీ మనకు మొదట కావలసింది ఐదే రింగులు: 8×9, 10×11, 12×13, 14×15, 16×17. మంచి కంపెనీవి విడిగా ఒక్కోటి వంద నుంచి రెండు వందల మధ్య ఉంటాయి, అంగడిని బట్టి కాస్త అటూ ఇటూ.

ఒక వైపు రింగు, ఒక వైపు ఫిక్సు, రెండు వైపులా అదే సైజు ఉండే కాంబినేషన్ పానా కూడా ఉంది. వాడుకకు అన్నిటికంటే సుఖం. గట్టిది రింగుతో వదిలించి, మిగతాది ఫిక్సు వైపుతో గబగబా తిప్పేయొచ్చు. కాకపోతే ఒక పానాకు ఒకటే సైజు కాబట్టి ఐదు సైజులకు ఐదు కొనాలి. 10, 12, 14 తరచూ వాడతారు కనుక ఆ మూడూ కాంబినేషన్ తీసుకుని, 8×9, 16×17 రింగులు తీసుకున్నా తప్పులేదు.

రాట్చెట్ సాకెట్ సెట్టు మీద మనసు పోతుంది, నాకు తెలుసు. టిక్ టిక్ శబ్దం బాగుంటుంది. నన్నడిగితే ముందు టి అక్షరంలా అడ్డ పిడి ఉండే 10 టి పానా ఒకటి కొనండి. బైకు షెడ్డుల్లో మెకానిక్ చేతిలో పొద్దంతా కనిపించేది అదే. సైడ్ కవర్ బోల్టులు ఎనిమిది ఉంటే రాట్చెట్‌తో విప్పేలోపు టి పానాతో విప్పి, టీ తాగి రావచ్చు. అరిగేవీ విరిగేవీ అందులో ఏమీ లేవు. తర్వాత 8, 12 కొనుక్కోవచ్చు. అప్పటికీ సాకెట్ సెట్ కావాలనిపిస్తే పావు అంగుళం వదిలేసి, మూడెనిమిదో వంతు అంగుళం మొన ఉన్నది చూడండి. బైకు పనికి అది సరిగ్గా మధ్య సైజు. కార్లకు వాడే అరంగుళం రాట్చెట్ బరువు ఎక్కువ, చిన్న బోల్టులను తెంపేస్తుంది. సాకెట్ లోపల పన్నెండు మూలలవి కాకుండా ఆరు మూలలవి అడగండి. పాత, తుప్పు పట్టిన బోల్టుల మీద అవి జారవు.

పానా మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? "క్రోమ్ వెనేడియం" అని చెక్కి ఉంటే చాలనుకునేవాణ్ని. ఇప్పుడు నూటయాభై రూపాయల సెట్టు మీదా అదే చెక్కుతున్నారు. నా పద్ధతి ఇది: అంగడికి పోయేటప్పుడు జేబులో 10 తల ఉన్న కొత్త బోల్టు ఒకటి, 17 తల ఉన్నది ఒకటి వేసుకుపోతాను. పానాలో పెట్టి అటూ ఇటూ ఊపితే గడగడలాడకూడదు. ఇంకో గుర్తు, మన దేశ ప్రమాణం అంకె: ఫిక్స్ పానాలకు ఐ.ఎస్. 2028, రింగ్ పానాలకు ఐ.ఎస్. 2029. పేరున్న కంపెనీల అట్టల మీద రాసి ఉంటుంది. నా దగ్గర ఉన్నవి ఎక్కువగా టపారియా. 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సాయంతో పనిముట్ల తయారీ మొదలుపెట్టిన నాసిక్ కంపెనీ అది, మెకానిక్ షెడ్లలో దాని పేరు తెలియనివాళ్లు ఉండరు. అదే కొనాలని లేదు. పానా పట్టు బాగుంటే పేరుతో పనిలేదు.

స్టార్ స్క్రూడ్రైవర్ దగ్గర పిసినారితనం వద్దు

పాత స్ప్లెండర్ తరహా బళ్ల ఇంజన్ సైడ్ కవర్లకు ఉండే స్టార్ స్క్రూలు చూసి మోసపోవద్దు. జపాన్ పద్ధతి స్టార్ గాడి కొంచెం వేరు. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ దాని అడుగు దాకా దిగదు, బలం పెట్టగానే పైకి తన్నుకొస్తుంది. రెండుసార్లు తన్నుకొస్తే గాడి గుండ్రమవుతుంది, తర్వాత డ్రిల్లే గతి. దీనికి మందు హ్యామర్ డ్రైవర్ లేదా ఇంపాక్ట్ డ్రైవర్ అనే బరువైన స్క్రూడ్రైవర్: స్క్రూలో పెట్టి వెనక సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలికి నొక్కుతూనే తిరుగుతుంది. ఐదు వందల చుట్టుపక్కల దొరుకుతుంది. మీ బండికి అన్నీ బోల్టులు, అలెన్ స్క్రూలే (తలలో ఆరు మూలల గుంత ఉన్నవి) ఉంటే దీని అవసరం లేదు. అప్పుడు 4, 5, 6 అలెన్ కీలు చాలు. మామూలు పనులకు రెండో నంబర్ మొన ఉన్న మంచి స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, మైనస్‌ది ఒకటి. పది మొనలు మార్చుకునే పిడి వద్దు, మొనలు మట్టిలోకి దొర్లిపోతాయి.

కటింగ్ ప్లేయర్ ఇంట్లో ఉన్నదే వాడుకోండి. నోస్ ప్లేయర్ ఒకటి ఉంటే చైన్ లాక్ తీయడానికి పనికొస్తుంది.

ఎంత బిగించాలి

బోల్టు విప్పడం చేతకాక చెడగొట్టిన వాళ్లకంటే, అతిగా బిగించి చెడగొట్టిన వాళ్లు ఎక్కువని మా మెకానిక్ అంటాడు. ఇంజన్ ఛాంబర్, అంటే దాని గుల్ల, అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఎక్కువ బిగిస్తే మెత్తనిదే పోతుంది. డ్రెయిన్ బోల్టు మర పోతే కొత్త మర వేయించడానికి లేత్ పని అవసరమవుతుంది, మీరు ఆదా చేసిన కూలి డబ్బులన్నీ ఒక్కరోజులో పోతాయి.

దీనికి ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే టార్క్ రెంచ్ ఉంది. మంచిది కొంటే మన కిట్ మొత్తం ఖర్చు దాటుతుంది. చవగ్గా దొరికేవి ఎక్కువగా కారు చక్రాల కోసం చేసినవి, 40 న్యూటన్ మీటర్ల (బిగింపు బలం కొలత) నుంచి మొదలవుతాయి. బైకు డ్రెయిన్ బోల్టులకు చాలా వాటికి 20, 25 దగ్గర చాలు. చిన్న 6 ఎం.ఎం. మర బోల్టులకు 10 చుట్టూ. అందుకే ఆ పెద్ద రెంచ్ మనకు పనికిరాదు. నేను చేసే పని చెబుతాను, నవ్వొద్దు: బ్యాగులు తూచే కొక్కెం తక్కెడ. బోల్టు నడిమి నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పానాకు తాడు కట్టి, తక్కెడతో పానాకు అడ్డంగా 10 కిలోలు చూపేదాకా లాగితే దాదాపు 25 న్యూటన్ మీటర్లు అవుతుంది. పానా అంత పొడవు లేకపోతే దూరం సగం చేసి లాగుడు రెట్టింపు చేయాలి. రెండుమూడు సార్లు ఇలా చేస్తే చేతికి అలవాటవుతుంది. మీ బండి అంకె మాన్యువల్లో చూసుకోండి.

గాలి, పంక్చరు

మా దగ్గర దీని గురించి చెప్పకపోతే కిట్ పూర్తి కాదు. ఊరు దాటితే రోడ్డు పక్కంతా కంప చెట్లే. ఆ ముల్లు చెప్పుల్లోకే దిగుతుంది, టైరు ఎంత. కడప నుంచి రాయచోటి వైపు పోయే గువ్వలచెరువు ఘాట్‌లో గాలి పోతే బండి నెట్టడం అంటే మాటలు కాదు.

ట్యూబ్‌లెస్ టైరయితే సందేహం లేకుండా చిల్లి పూడ్చే ప్లగ్ కిట్ కొనండి: సూది, రాపిడి కడ్డీ, జిగురు పట్టీలు, రెండు మూడు వందల లోపే. ట్యూబ్ టైరయితే ఇంట్లో పంక్చరు సామాను పెట్టుకోవడం నా దృష్టిలో దండగ. చక్రం తీయాలి, టైరు లేపాలి, ట్యూబు నొక్కుకుని ఇంకో చిల్లి పెట్టకూడదు. పంక్చరు అంగడికే పోండి. అల్లాయ్ చక్రం ఉంటే ట్యూబ్‌లెస్ అనుకోకండి, టైరు పక్కన రాసిందేమిటో చదవండి.

పంపు విషయంలో కాలితో తొక్కేదే ఇప్పటికీ నమ్మకం. సైకిల్ పంపు అన్నిటికీ పట్టదు, మన పాత సైకిల్ వాల్వు వేరు, బైకు వాల్వు వేరు. మోటారు వాల్వు నాజిల్ ఉందో లేదో చూసి తీసుకోండి. కారుకు వాడే 12 వోల్టుల గాలి మెషిన్ను 100 సీసీ బండి బ్యాటరీకి తగిలించొద్దు. ఆ చిన్న బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేదు, గాలి నిండే లోపు బండి సెల్ఫ్ కొట్టకుండా పోవచ్చు. చార్జింగ్ పెట్టుకునే మెషిన్ అయితే బాగానే ఉంటుంది, డబ్బులుంటే.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి

వెయ్యి రూపాయలే ఉంటే: ఐదు రింగ్ పానాలు, 10 టి పానా, మంచి స్టార్ స్క్రూడ్రైవర్. ఆయిల్ పట్టడానికి పాత ఐదు లీటర్ల నూనె డబ్బాను పక్కకు కోసుకోండి. గరాటు వంటింట్లోది తీసుకోవద్దు, ఆ విషయంలో నా అనుభవం చెప్పను.

ఇంకో వెయ్యీ పదిహేను వందలు చేరితే: గాలి పంపు, ఫీలర్ గేజ్ (ప్లగ్ మొనల సందు కొలిచే పల్చని రేకులు), మల్టీమీటర్. రెండున్నర వందల మల్టీమీటర్ నిజంగా మంచి కొనుగోలు. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 పైన చూపాలి, ఇంజన్ తిరుగుతుంటే 13.5, 14.5 మధ్య చూపాలి. ఉదయం సెల్ఫ్ కొట్టకపోతే తప్పు బ్యాటరీదా, చార్జింగ్‌దా అని ఒక్క నిమిషంలో తెలుస్తుంది, అనవసరంగా కొత్త బ్యాటరీ కొనే పని తప్పుతుంది. తర్వాత చైన్ సర్దేటప్పుడు వదులు చేసే వెనక చక్రం యాక్సిల్ నట్టు సైజు పానా. అది బండిని బట్టి 17 నుంచి పైకి ఉంటుంది, సరిగ్గా మీ నట్టు సైజుదే కొనండి.

ఐదు వేలు దాటితే: మూడెనిమిదో వంతు సాకెట్ సెట్, అవసరముంటే హ్యామర్ డ్రైవర్, చిన్న టార్క్ రెంచ్. వెనక చక్రం లేపే స్టాండు మాత్రం సెంటర్ స్టాండ్ ఉన్న బండికి అక్కర్లేదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ ప్రమాణం) బళ్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ పోయి పెట్రోలు ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి కార్బురేటర్ జెట్ల సామాను కొనొద్దు. చైన్ కవర్ మూసి ఉన్న బండికి చైన్ బ్రష్షు కూడా తొందర లేదు.

ఇంకొక మాట నిజాయితీగా చెప్పాలి. ఆయిల్ మార్పుకు మా వీధిలో తీసుకునే కూలి చాలా తక్కువ. ఆ లెక్కన చూస్తే ఈ పానాల ఖర్చు రావడానికి చాలా రోజులు పడుతుంది. నాకు లాభం వేరే చోట కనిపించింది. చైన్ వదులైన రోజే బిగిస్తాను, ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము చేరిన రోజే దులుపుతాను. షెడ్డుకు వెళ్లాలంటే వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అని జరిగిపోయేది.

పని చేసే చోటు గురించి కూడా. కడప బండ పరిచిన వరండాలో ఆయిల్ పడితే ఆ మచ్చ పోదు. కింద అట్టపెట్టె విప్పి పరవండి, ఇంట్లో మాట పడకుండా ఉంటారు. మే నెలలో పొద్దున ఎనిమిది లోపే ముగించండి, ఎండలో పెట్టిన పానా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పాత ఆయిల్‌ను కాలువలో పోయొద్దు. డబ్బాలో పోసి మెకానిక్‌కు ఇస్తే ఆయన పాత ఆయిల్ కొనేవాళ్లకు వేస్తాడు.

పానాలన్నీ నేను ఒక పాత గోనె గుడ్డలో చుట్టి ఉంచుతాను. చిన్న సాకెట్లు, ఫ్యూజులు, ఒక కొత్త డ్రెయిన్ వాషరు మాత్రం గువ్వలచెరువు పాలకోవా డబ్బాలో పెట్టాను. వారానికొకసారైనా మా చిన్నోడు ఆశగా దాని మూత తీసి చూసి, ముఖం మాడ్చుకుని మళ్లీ మూసేస్తుంటాడు.